సర్వే నంబరు లేని నడక

మాస్టర్ ప్లాన్ అనే మాటలోనే ఒక మాస్టర్ కూర్చుని ఉన్నాడు. తెలుగులో బృహత్ ప్రణాళిక అని అనువదించుకుని మనం ఆయన్ని కనపడకుండా చేశాం గానీ, ఆయన ఎక్కడికీ పోలేదు. పట్టణం ఎటు పెరగాలో, ఏ చేను మీదుగా వంద అడుగుల రోడ్డు పోవాలో, ఏ ఊరి భూమికి ఏ రంగు పులమాలో ఇంకా ఆయనే నిర్ణయిస్తున్నాడు. ఆయనకు కారు ఉంటుంది. ఆయన పేరు మీద పట్టా ఉంటుంది. పొద్దున ఒక చోటికి పోతాడు, సాయంత్రం ఇంటికి తిరిగొస్తాడు. తన బతుకుకు సరిపోయే రోడ్లు గీసి, ఇవి అందరి రోడ్లు అంటాడు.

పెరుగుతున్న పట్టణాలకు రేపటి రోడ్లు ఎట్లా ఉండాలన్న చర్చ ఒకటి ఈ మధ్య విన్నాను. ఇందులో స్త్రీల సంగతేమిటని అడిగితే, వేదిక మీది పెద్దమనిషి నవ్వి, "రోడ్డుకు ఆడా మగా తేడా ఏముంటుంది మేడమ్, అందరూ నడిచేదే కదా" అన్నారు. సభలో చాలామంది నవ్వారు. ఆ నవ్వుకు జవాబు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది పోచారం. హైదరాబాదులో ఆ పేరు చెబితే ఘట్‌కేసర్ దగ్గరి పోచారం అనుకుంటారు. అక్కడ ఇన్ఫోసిస్ ఉంది, పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. నేను చెప్పేది ఎల్లారెడ్డి దగ్గరి పోచారం. మంజీరలో కలిసే ఆలేరు మీద నిజాం కాలంలో కట్టిన ప్రాజెక్టు, దాని వెనక అడవి, ముందు వరి పొలాలు. ఒకే పేరున్న ఈ రెండు ఊళ్లను పక్కపక్కన పెడితే మన ప్రణాళికల చరిత్ర మొత్తం అర్థమవుతుంది. మొదటి పోచారానికి నగరం రోడ్డేసుకుని వచ్చింది. రెండో పోచారం రోడ్డు పట్టుకుని నగరానికి పోతూ ఉంటుంది. మేం పోయే పట్టణం కామారెడ్డి. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయ్యాక దానికి కూడా నగరం కావాలన్న తొందర పట్టుకుంది.

ఆ తొందర ఏం చేసిందో గుర్తు చేసుకుందాం. 2022 చివరలో కామారెడ్డి మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికొచ్చింది. అడ్లూరు ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ వంటి ఊళ్ల పంట భూములు అందులో పారిశ్రామిక జోన్ కింద, గ్రీన్ జోన్ కింద, వంద అడుగుల రోడ్డు కింద కనిపించాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 2023 జనవరి 11 వరకు గడువిచ్చారు. జనవరి 4న అడ్లూరు ఎల్లారెడ్డి రైతు ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. భూమి పోతుందన్న దిగులుతోనే చచ్చిపోయాడని తోటి రైతులు అన్నారు. మర్నాడు వేలమంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. ఆ తర్వాత బంద్ జరిగింది, కోర్టులో కేసు పడింది. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. ఆ రోజుల్లోనే జగిత్యాలలోనూ అట్లాంటి ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. 2023 నవంబరు ఎన్నికల్లో కామారెడ్డి నుంచి అప్పటి ముఖ్యమంత్రీ, తర్వాత ముఖ్యమంత్రి అయిన నాయకుడూ ఇద్దరూ ఓడిపోయారు. గెలిచింది ఈ ఆందోళనలో ముందు నిలబడిన అభ్యర్థి.

ఇది ప్రజల గెలుపు. అందులో నాకు అనుమానం లేదు. నా పేచీ గెలుపుతో కాదు, ఆ గెలుపు అడగకుండా వదిలేసిన ప్రశ్నతో.

మాస్టర్ ప్లాన్ భూమిని లాక్కోదు. అధికారులు ఎప్పుడూ చెప్పే మాట ఇదే, కాగితం మీద నిజం కూడా. అది భూసేకరణ నోటీసు కాదు, రంగులేసిన పటం మాత్రమే. కానీ నీ చేను మీద రోడ్డు గీత పడ్డాక ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు. వచ్చినా, రోడ్డుకు పోయే ముక్క రాసిచ్చాకే వస్తుంది. కొనడానికి వచ్చినవాడు వెనక్కి పోతాడు. బిడ్డ పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అమ్ముకుందామన్న భూమి చేతిలో ఉండీ లేనట్టవుతుంది. 2013 భూసేకరణ చట్టంలో కొన్ని మంచి మాటలున్నాయి. సొంత భూమి లేకపోయినా మూడేళ్లుగా దాని మీదే బతుకుతున్న కూలీలను, కౌలుదార్లను అది బాధిత కుటుంబాలుగా గుర్తించింది. వితంతువులను, విడాకులు పొందినవాళ్లను, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరు కుటుంబాలుగా లెక్కించమంది. అయితే ఆ చట్టం నిద్ర లేచేది భూసేకరణ మొదలైనప్పుడే. పటం గీసే దశలో దానికి పని లేదు. అంటే ఆడవాళ్లను కాస్తయినా గుర్తుపట్టే చట్టం గదిలోకి వచ్చేసరికి, గీయాల్సిన గీతలన్నీ గీసేసి ఉంటాయి.

ఇక అభ్యంతరం సంగతి. కామారెడ్డి దగ్గరి ఊరికి కోడలుగా పోయిన మా చిన్నవ్వ ముప్పై ఏళ్లుగా అదే చెలకలో నాటేసింది, కలుపు తీసింది, కోసింది. ఆ రోజుల్లో ఫోన్ చేసి, "చిన్నవ్వా, నువ్వు కాయితం రాసిచ్చినవా?" అని అడిగాను. "నేనేం రాయాలె బిడ్డా? సర్వే నంబరెంత, పట్టా ఎవరిదని అడుగుతరు. నా పేరు మీద ఏమున్నది? మీ చిన్నబాపు రాసిచ్చిండు" అంది. అందులో ఫిర్యాదు లేదు, ఆశ్చర్యం అంతకన్నా లేదు. వానాకాలం వాన పడుతుందన్నంత మామూలుగా చెప్పింది.

ఆ మామూలుతనమే నన్ను నిద్ర పోనివ్వదు. దేశంలో గ్రామాల్లో పనిచేసే స్త్రీలలో నాలుగింట మూడొంతుల మంది వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణన చూస్తే సాగు కమతాల్లో స్త్రీల పేరు మీద నడిచేవి 14 శాతం దగ్గరే ఆగిపోయాయి. తెలంగాణలో ఆ వాటా దేశ సగటు కంటే ఎక్కువే, కానీ ఇక్కడా సగానికి చాలా దూరంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కు 1985లోనే వచ్చింది. దేశమంతటికీ రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అంత ముందుగా చట్టం తెచ్చుకున్న నేల మీద కూడా కూతురు వాటా పెళ్లి ఖర్చులో కలిసిపోయింది, పాస్‌బుక్కులో కొడుకు పేరే మిగిలింది. పాత పహాణీలో అనుభవదారు అని ఒక గడి ఉండేది. పట్టా ఎవరిదైనా ఆ భూమిని నిజంగా దున్నుకుంటున్నది ఎవరో అందులో కనిపించేది. 2020లో ధరణి వచ్చాక ఆ గడి మాయమైంది. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పోర్టళ్లు మారినంత వేగంగా పట్టాల మీది పేర్లు మారవు కదా!

ఇప్పుడు లెక్క చూడండి. పటం పట్టాదారును అడుగుతుంది. పట్టాదారు మగవాడు. కాబట్టి పటం మగవాడిని అడుగుతుంది. ఇందులో ఎవరూ స్త్రీ ద్వేషంతో పని చేయనక్కర్లేదు. ఎవరి పని వాళ్లు నిబంధనల ప్రకారం చేసుకుపోతే చాలు, మనం మాయమైపోతాం. ఆనాటి కామారెడ్డి మున్సిపల్ చైర్‌పర్సన్ కూడా స్త్రీయే. మున్సిపాలిటీల్లో మనకు సగం సీట్ల రిజర్వేషన్ ఉంది. కుర్చీలో స్త్రీ కూర్చుంది గానీ పటంలో స్త్రీ లేదు.

ఉద్యమంలో మాత్రం ఎంత ఉన్నాం? రోడ్డు మీద బైఠాయించిన వాళ్లలో ఆడవాళ్లు ఉన్నారు. పోలీసులతో తోపులాటలోనూ ఉన్నారు. చర్చ దగ్గరికి వచ్చేసరికి అది రైతన్న చర్చ అయిపోయింది. ఎకరం ధరెంత, రోడ్డు పడితే ఎంత తగ్గుతుంది, ఎవరి భూమిని తప్పించి ఎవరి భూమి మీదికి గీత జరిపారు అన్నవే మాటలు. అవన్నీ అడగాల్సినవే. కానీ ఆ చేలో కైకిలి పోయే వాళ్ల పని దినాలు ఎన్ని పోతాయి? చేను పోతే గడ్డి ఎక్కడిది, పాడి ఎట్లా, పొయ్యిలోకి పత్తి కట్టె ఎక్కడిది? ఎకరం ధరలో ఇవి పట్టవు. ధరలో పట్టనిదాన్ని మన ఉద్యమాలు కూడా నష్టం కింద రాసుకోవడం ఇంకా నేర్చుకోలేదు.

భూమి సంగతి అట్లా ఉంచి రోడ్డు దగ్గరికే వద్దాం. రోడ్డుకు ఆడా మగా తేడా లేదన్న మాట సంగతి తేల్చాలి.

మా దిక్కు ఆడవాళ్లు ఒక రోజులో ఎట్లా తిరుగుతారో చూడండి. తెల్లవారకముందే పొలానికి. మళ్లీ ఇంటికి. పిల్లను బడిలో దింపాలి. చాటలో కట్టిన బీడీలు సంకలో పెట్టుకుని కార్ఖానాకు నడవాలి, అక్కడ లెక్క అప్పజెప్పి, ఆకూ తమాకూ తీసుకుని తిరిగి రావాలి. నాట్ల కాలమైతే పదిహేను మంది ఒక ట్రాలీ ఆటోలో ఇరుక్కుని జాతీయ రహదారి దాటి వేరే ఊరికి పోవాలి. మధ్యలో అత్తకు మందులు, రేషన్ దుకాణం, సంఘం మీటింగు, బ్యాంకు. ఇందులో ఏ ప్రయాణమూ పొడుగుది కాదు, ఏదీ తిన్నగా ఉండదు. రోడ్డు వెంట పోవడం తక్కువ, రోడ్డును అడ్డంగా దాటడం ఎక్కువ. ప్రణాళిక వేసేవాళ్లు లెక్కపెట్టేది రోడ్డు వెంట పోయే బండ్లను. నాలుగు వరుసల 44వ నెంబరు జాతీయ రహదారి మా జిల్లాను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. దాని మీద గంటకు ఎన్ని బండ్లు పోతాయో లెక్కలుంటాయి. దాన్ని దాటడానికి నెత్తిన గడ్డిమోపుతో ఒక స్త్రీ ఎంతసేపు నిలబడుతుందో ఎవరైనా లెక్కపెట్టారా? ఆ నిలబడటం ఏ సర్వేలోకీ ఎక్కదు.

2022 మే 8న నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర జరిగిన ప్రమాదం ఈ తేడా ఏమిటో చెప్పింది. పిట్లం మండలం చిల్లర్గి నుంచి ఒక చావు తర్వాతి అంగడి దింపుడుకు ఎల్లారెడ్డి వచ్చిన చుట్టాలు, ఇరవై మందికి పైగా, సరుకులు మోసే చిన్న ట్రాలీలో తిరిగి పోతుంటే ఎదురుగా వచ్చిన లారీకి గుద్దుకున్నారు. తొమ్మిది మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. మర్నాడు అందరూ అతివేగం గురించీ, పరిమితికి మించి ఎక్కించడం గురించీ మాట్లాడారు. అంతమంది మనుషులు సరుకుల బండి ఎందుకెక్కారు? రోడ్డు ఉంది. తారు కూడా మంచిదే. వాళ్లకు కావలసిన వేళకు, వాళ్ల ఊరి దాకా పోయే బస్సు ఉంటే ఆ ట్రాలీ ఎవరెక్కుతారు? తారు పోసినంత మాత్రాన దారి అయిపోదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. దీని మీద ఎన్ని వెటకారాలు విన్నామో! పని లేక తిరుగుతున్నారన్నారు, సీట్ల కోసం కొట్టుకుంటున్నారన్నారు. నేను మాత్రం వేరేది చూశాను. టికెట్ డబ్బులు అడగక్కర్లేనప్పుడు ఆడవాళ్లు ఎంత దూరం పోదలుచుకున్నారో మొదటిసారి బయటపడింది. ఏ కన్సల్టెన్సీ చేయని ట్రాఫిక్ సర్వే అది. దాని ఫలితాన్ని రోడ్ల ప్రణాళికలో ఎవరు రాసుకున్నారు? బస్సు ఆగేచోట నీడ, దీపం, మూత్రశాల, అక్కడి నుంచి ఇంటిదాకా నడవడానికి బాట. వంద అడుగుల వెడల్పులో వీటికి ఆరడుగులు దొరకవా?

నీళ్ల సంగతి కూడా ఇందులోదే. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మా జిల్లా మీద ఆకాశం కూలింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజులో నలభై సెంటీమీటర్లు దాటింది వాన. కామారెడ్డి కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. జాతీయ రహదారి కోతపడింది, తలమడ్ల దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొర్లి పక్కన మట్టి కోసుకుపోతుంటే దిగువ ఊళ్లు రాత్రంతా మేలుకున్నాయి. వందేళ్లు దాటిన ఆ కట్ట నిలబడింది. ఎల్లారెడ్డి–మెదక్ రోడ్డు తెగింది. వందేళ్ల కిందటి వాళ్లు నీళ్లు ఎటు పోతాయో ముందు చూసుకుని రాయి పేర్చారు. ఇప్పటివాళ్లు రోడ్డు ఎటు పోవాలో ముందు గీసుకుని, ఆ పైన నీళ్లను పక్కకు జరగమంటున్నారు. ఎత్తు పెంచి వేసిన ప్రతి రోడ్డూ వానాకాలంలో ఒక కట్టే. దాని కింద సరిపడా తూము లేకపోతే పై ఊరు మునుగుతుంది. ఏ ఒర్రె ఏ కుంటలోకి పారుతుందో, ఎక్కడ నీళ్లు నిలిస్తే నాటు మురుగుతుందో మోకాళ్ల లోతు బురదలో వంగి నాటేసే వాళ్లకు తెలుసు. వాళ్లను ఎవరడిగారు? మునిగిన ఇంట్లో బురద ఎత్తిపోయడానికి మాత్రం వాళ్లను ఎవరూ పిలవనక్కర్లేదు, అది వాళ్ల పనే కదా.

పట్టణం పెరగొద్దా, రోడ్లు వద్దా అని అడిగేవాళ్లు ఉంటారు. పురుడు నొప్పులతో ఎడ్లబండి మీద పోయిన ఆడవాళ్ల మనవరాలిని నేను. రోడ్డు విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఊరి పిల్లలు కామారెడ్డి డిగ్రీ కాలేజీకి పోయి చదువుతున్నారంటే రోడ్డు వల్లే. పెరిగే పట్టణానికి ముందుచూపు ఉండాల్సిందే, లేకపోతే రియల్ ఎస్టేట్ వాళ్లే ప్లాన్ గీస్తారు. కామారెడ్డి ముసాయిదా పోయాక అక్కడ మిగిలింది ప్రణాళిక లేని పెరుగుదల అయితే అది కూడా మన గెలుపు కాదు. నా వాదన రోడ్డు మీద కాదు, వరస మీద. ఏది ముందు, ఏది తర్వాత? ఎవరిని లెక్కపెట్టి, ఎవరిని వదిలేసి?

ఈ ప్రశ్న మనమొక్కరమే అడగడం లేదు. 1991లో వియన్నాలో ఎనిమిది మంది స్త్రీలు, అమ్మాయిలు రోజంతా ఎట్లా తిరుగుతారో ఫొటోలు తీసి, బహిరంగ స్థలం ఎవరిదన్న ప్రశ్నతో ప్రదర్శన పెట్టారు. అక్కడి నుంచి మొదలై ఆ నగరం కాలిబాటలు వెడల్పు చేసింది, వీధి దీపాలు పెంచింది, దాటే చోట్లను మార్చింది. న్యూయార్కులో 1960లలో ఊరి మధ్య నుంచి వేయబోయిన పెద్ద రహదారిని అడ్డుకున్న వాళ్లలో ముందున్నది జేన్ జేకబ్స్. ఆమెకు ప్లానింగ్ డిగ్రీ లేదు. తన వీధిని రోజూ కిటికీలోంచి చూసిన అనుభవం ఉంది, రాయడం వచ్చు. మన దేశంలో బీనా అగర్వాల్ పొలం మీద స్త్రీ హక్కు గురించి రాసి మూడు దశాబ్దాలు దాటింది. వీధిలో ఊరికే నిలబడే హక్కు గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లోనే పుస్తకం రాశారు. పొలం నుంచి వీధికి పోయే ఆ మధ్య దారి గురించి తెలుగులో మనం రాయాల్సి ఉంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కాదు. ముసాయిదా వేసే ముందు బండ్లతో పాటు నడిచేవాళ్లను, రోడ్డు దాటేవాళ్లను ఆడా మగా వేరుగా లెక్కపెట్టాలి. అభ్యంతరం చెప్పడానికి సర్వే నంబరు అక్కర్లేదు, ఆ దారిన నడుస్తున్నానన్న ఒక్క మాట చాలు అనాలి. పటాన్ని మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించి ఊరుకోకుండా బీడీ కార్ఖానా దగ్గర, సంఘం మీటింగులో, కైకిలి నుంచి తిరిగొచ్చే వేళకు తెలుగులో చదివి చెప్పాలి. ఒర్రెలు, కుంటలు, తూములు ముందు గీసి ఆ తర్వాత రోడ్డు గీయాలి. రోడ్డుకు పోయే భూమికి పరిహారం ఇస్తే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. కైకిలి పోయిన వాళ్లకు పోయిన పని దినాల లెక్క కట్టాలి.

మనలో చాలామంది ఇదంతా ఇంజనీర్ల వ్యవహారం, సాహిత్య పత్రికకు దీంతో ఏం పని అనుకోవచ్చు. కథలో మౌనంగా ఉన్న పాత్రను మాట్లాడించడం మనకు తెలుసు. పురాణంలో చెప్పకుండా వదిలిన స్త్రీని వెతికి పట్టుకోవడం తెలుసు. మాస్టర్ ప్లాన్ కూడా ఒక రచనే. దానికి కర్త ఉన్నాడు, నాయకుడు ఉన్నాడు, అందులో చెప్పకుండా వదిలేసిన మనుషులున్నారు. కావ్యాన్ని చదివిన కళ్లతోనే ఆ పటాన్నీ చదవాలి. విశ్వవిద్యాలయాల్లో జెండర్ పాఠాలు చెప్పే మిత్రులు తమ జిల్లా కేంద్రం మాస్టర్ ప్లాన్‌ను ఒక్కసారి తరగతిలోకి తీసుకుపోయి పరిచి చూడండి. పిల్లలు తమ ఇల్లు, బస్‌స్టాపు, హాస్టలు వెతుక్కుంటారు. ఏది కనపడలేదో వాళ్లే చెబుతారు.

కామారెడ్డికి కొత్త ముసాయిదా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నిజామాబాదుకు, సిద్దిపేటకు, మీ ఊరికి కూడా వస్తుంది. అప్పుడు అభ్యంతర పత్రాలు తీసుకుని చిన్నవ్వలతో కలిసి వరసలో నిలబడదాం. సర్వే నంబరు అడిగిన గడిని ఖాళీగా వదిలేసి, మిగతా పేజీ అంతా నింపి ఇద్దాం.